ఉగ్గుగిన్నెడు కడుపు

మొన్న స్టాఫ్‌రూమ్‌లో మా లెక్కల మాస్టారు నా మీద ఒక లెక్క కట్టారు. 112లో 71 పోతే 41. పద్నాలుగు నెలలకు పంచితే నెలకు మూడు కిలోలకు ఓ పిసరు తక్కువ. "అంటే మేడంగారూ, ఇన్నాళ్లూ మూడు సిలిండర్ల గ్యాసు ఒంటికి కట్టుకుని తిరిగారన్నమాట!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా డబ్బా మూత తీశాను. అందులో ముద్దగా ఉడికించిన పెసరపప్పు ఆరు చెంచాలు, ఒక గుడ్డు, బీరకాయ కూర రెండు చెంచాలు. అన్నం గంట కొట్టింది మొదలు మళ్లీ బడి గంట కొట్టేదాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో డబ్బాలో సగం దిగితే నాకు పండగ. పద్నాలుగు నెలలుగా నా ఎదురుగా కూర్చుని తింటున్న ఆ మనిషి ఈ లెక్క మాత్రం ఎప్పుడూ కట్టలేదు.

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే "మేం అప్పుడే వద్దన్నాం కదా" అనేవాళ్లు నా ఏడుపు పట్టుకెళ్లి వాళ్ల వాదానికి సాక్ష్యం చెప్పిస్తారు. పదకొండేళ్ల షుగరు నాది. అర్ధరాత్రి ఊపిరాడక లేచి మంచం మీద కూర్చునేదాన్ని. మేడ మీద తొమ్మిదో తరగతికి ఎక్కలేక, హెడ్మాస్టర్ని బతిమాలుకుని కింద ఆరో తరగతితో సరిపెట్టుకున్నాను. ఇవాళ షుగరు మాత్ర లేదు. మెట్లెక్కి వెళ్లి తొమ్మిదికి, పదికి పాఠం చెబుతున్నాను. కత్తి నాకు మేలే చేసింది. ఆ కత్తి పక్కన పెట్టగానే చేతులు కడిగేసుకున్నవాళ్ల మీదే నా కోపమంతా.

నాకు చేసింది బైపాస్. పొట్టను పైభాగాన చిన్న సంచిలా విడదీసి, చిన్నపేగును పైకి లాగి ఆ సంచికి కుట్టారు. మిగతా పొట్ట లోపలే ఉంది. తిండి మాత్రం అటు పోదు. ఆ సంచిలో మొదట్లో పట్టేది 30 మిల్లీలీటర్లు. కొలుచుకోవడానికి ఆస్పత్రి వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కప్పు ఇంటికి వచ్చేలోగా కారులో ఎక్కడో పడిపోయింది. అమ్మ అటక ఎక్కించిన పెట్టె దింపించి వెండి ఉగ్గుగిన్నె తీసింది. నాకు, నా పిల్లలిద్దరికీ ఉగ్గు పట్టిన గిన్నె. ముక్కు దగ్గర సొట్ట. సిరంజితో నీళ్లు పోసి కొలిచాం. ముప్పైకి ఒక చుక్క అటూ ఇటూ. నలభై నాలుగేళ్ల దాన్ని, నడింట్లో కుర్చీ వేసుకుని, ఉగ్గుగిన్నెతో పప్పుకట్టు గుక్క గుక్కగా తాగుతుంటే మా చిన్నది పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. "నిదానం. పొలమారుద్ది" అంది.

పసిపిల్లకు ఉగ్గు పడితే వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. తాగిందా? కక్కిందా? కడుపు ఉబ్బరంగా ఉందా? నిద్రపోయిందా? ఆ గిన్నెతోనే తాగిన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. ఎన్ని కిలోలు తగ్గావు?

ఆపరేషన్‌కు ముందు రెండు వారాల్లో ఆస్పత్రి నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి, లెక్కపెట్టాను. కౌన్సెలర్ అని ఒక అమ్మాయి. "అమ్మా" అని పిలిచేది. ఈఎంఐ కూడా పెట్టిస్తానంది. సర్జన్ గారు పావుగంట కూర్చుని బొమ్మ గీసి చూపించారు, కాదనను, చేతి పనితనం ఉన్న మనిషి, కుట్లు అద్దంలా వేశారు. నాలుగో రోజు డిశ్చార్జి. చేతిలో ఒక జెరాక్స్ కాగితం పెట్టారు, తిండి పట్టిక. బ్రాకలీ సూపు, ఓట్స్, గ్రీకు పెరుగు, గ్రిల్ చేసిన చికెన్ బ్రెస్టు. తెనాలి పక్క పల్లెటూళ్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. మా సంతలో బ్రాకలీ ఎవరమ్ముతారు? పప్పుకట్టు ఎన్నో రోజున, రాగిజావ వడగట్టాలా వద్దా, మజ్జిగ తేట ఎంత పలచన, ఇడ్లీ ఎప్పుడు, కొరమీను ఎప్పుడు, ఇవేవీ అందులో లేవు. "ఆవకాయ ఎప్పుడు తినొచ్చండీ?" అని అడిగితే డైటీషియన్ నవ్వింది. అది నవ్వే ప్రశ్నా? గుంటూరు జిల్లా ఆడదాన్ని ఇంక నలభై ఏళ్లు బతకమని పంపిస్తూ ఆవకాయ సంగతి చెప్పకుండా పంపితే, అది ఏం వైద్యం?

ఏడో వారంలో మింగింది మింగినట్టు బయటికి రావడం మొదలైంది. ముందు ఇడ్లీ, ఆ తర్వాత జావ, ఆ తర్వాత నీళ్లు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "అమ్మా" అనే అమ్మాయి మానేసిందట, ఇంకెవరో ఎత్తారు. "మెల్లగా నమిలి తినండి మేడం" అన్నారు. నీళ్లు ఎలా నమలాలో చెప్పలేదు. నాలుగు రోజులాగి మళ్లీ చేశాను. అదే మాట. అలా పదిహేను రోజులు గడిచాయి.

మా వీధి చివరి నర్సింగ్‌హోముకు తీసుకెళ్లారు. "గ్యాసు, నీరసం" అని రాసి గ్లూకోజు పెట్టారు. ఆపరేషన్ సంగతి చెప్పాను. "లావు తగ్గే ఆపరేషనా? కొవ్వు లాగేశారా?" అన్నాడు డాక్టరు. కొవ్వు లాగేది లైపోసక్షన్, అది వేరు, నాకు పేగు మార్చి కుట్టారని చెప్పాను. ఊఁ కొట్టి, ఇంకో సీసా వేలాడదీయమన్నాడు. మూడు రోజులు గ్లూకోజు ఎక్కుతూనే ఉంది. మూడో రోజు సాయంత్రం ఎదురు గోడ మీద గడియారాలు రెండు కనపడ్డాయి. బాత్రూముకు లేస్తే కాళ్లు నేను చెప్పిన చోటికి పోవడం లేదు. మా చిన్నదాన్ని పెద్దదాని పేరు పెట్టి పిలిచానట. "గేటు వేశారా" అని నాలుగుసార్లు అడిగానట. అక్కడ గేటే లేదు.

రాత్రికి రాత్రి పెద్దాసుపత్రిలో వేశారు. డ్యూటీలో ఉన్న హౌస్‌సర్జన్ అమ్మాయి, మా పెద్దదానికంటే ఓ ఐదేళ్లు పెద్దదేమో, కళ్లు కింద పెట్టుకుని కేస్‌షీట్ రాస్తూ రాస్తూ ఆగింది. "వాంతులు ఎన్నాళ్ల నుంచి? బైపాస్ అయిందన్నారా? బి1 సూది ఎక్కడైనా ఇచ్చారా?" ఎవరూ ఇవ్వలేదు. ఆ పిల్ల నర్సు కోసం కూడా చూడలేదు. తనే లేచి గ్లూకోజు గొట్టం చక్రం బిగించి ఆపేసింది. నరంలోకి థయమిన్ ఎక్కాకే మిగతావన్నీ. తెల్లవారి ఎప్పటికో గోడ మీద గడియారం ఒక్కటైంది. నడక కుదుటపడటానికి రెండు నెలలు పట్టింది. వాంతులకు కారణం పొట్ట సంచికీ పేగుకూ వేసిన కుట్టు దగ్గర దారి ఇరుకైపోవడం. నోట్లోంచి గొట్టం పంపి, చిన్న బెలూను ఉబ్బించి వెడల్పు చేశారు. మర్నాడే ఇంటికి. ఆ పని రెండు వారాల ముందే చేసి ఉండొచ్చు, ఫోనెత్తినవాళ్లు "వచ్చేయండి" అని ఒక్క మాట అని ఉంటే.

నేను జీవశాస్త్రం టీచర్ని. పందొమ్మిదేళ్లుగా నల్లబల్ల మీద విటమిన్ల పట్టిక గీస్తున్నాను. బి1, థయమిన్, లోపిస్తే బెరిబెరి. పిల్లల చేత పాటలా వల్లె వేయించాను. గ్లూకోజును శక్తిగా మార్చుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. అసలే నిండుకున్న ఒంట్లోకి ఉత్త గ్లూకోజు పోస్తే ఉన్న ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు మీద దెబ్బ పడుతుంది. కళ్లు, నడక, తెలివి, మూడూ తప్పుతాయి. వెర్నికే అనే జర్మన్ వైద్యుడు 1881లోనే దీన్ని రాసి పెట్టాడు. అంతదాకా ఎందుకు, మన సర్కారు జిల్లాల బెరిబెరి మీద మాల్కంసన్ అనే డాక్టరు 1835లో మద్రాసులో ఏకంగా పుస్తకమే వేశాడు. అప్పుడెవరికీ విటమిన్ అనే మాట కూడా తెలియదు. ఇప్పుడు అన్నీ తెలుసు. సూది ఖరీదైనదేం కాదు. తెలిసి, మందుండి, అడిగే నాథుడు లేక, ఆ సర్కారు జిల్లాల్లోనే, పట్టిక గీసే పంతులమ్మకే ఆ రోగం తగిలింది. ఇది నా ఖర్మ అని మా అత్తయ్య అంటారు. ఖర్మ కాదు అత్తయ్యా, అశ్రద్ధ. దానికి మనుషులున్నారు, ఫోన్ నంబర్లున్నాయి.

ఇదేమన్నా నిన్న మొన్న పుట్టిన వైద్యమా? అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ బరువు తగ్గడానికి పొట్టకు బైపాస్ మొదలుపెట్టింది 1966లో. అరవై ఏళ్లు. ఈ అరవై ఏళ్లలో వాంతులు ఆగకపోతే ఏం చేయాలో, ఏ విటమిన్ ఎప్పుడు పడిపోతుందో, ఏ నెలలో ఏ రక్తపరీక్ష చేయాలో అన్నీ తేలిపోయాయి. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి, బతికినంతకాలం చూడాలని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. నా డిశ్చార్జి కాగితంలో "మూడు నెలలకు రివ్యూ" అని ఉంది. మూడు నెలలకు వెళితే కాటా ఎక్కించారు. "సూపర్ మేడం" అన్నారు. పంపించేశారు.

బి12 సంగతి చూడండి. కాలేయంలో దాని నిల్వ ఏళ్లకేళ్లు సరిపోతుంది. అందుకని ఆపరేషనైన ఏడాది ఏమీ తెలియదు. కూడబెట్టింది కరిగి కరిగి, ఎప్పుడో రెండో ఏడో మూడో ఏడో అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. అప్పటికి ఆస్పత్రి ఫైలు మూసేసి ఉంటుంది. తిమ్మిరంటే ఊళ్లో ఎవరైనా "వయసు", లేదంటే "పాత షుగరు" అంటారు. నరం పాడైపోయాక తెలిసి ఏం లాభం?

నా వంటింటి గూట్లో ఇప్పుడు ఉప్పు, కారం డబ్బాల పక్కన మాత్రల డబ్బా ఉంది. ఐరన్, కాల్షియం, డి, బి12, అన్నీ కలిసిన మల్టీవిటమిన్. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మీద కాఫీ తాగకూడదు. కాల్షియం సిట్రేట్ వేసుకోవాలి, ఎందుకంటే కార్బొనేట్ అరగడానికి కావాల్సిన ఆమ్లం నా సంచిలో సరిగ్గా ఊరదు. మెడికల్ షాపులో సిట్రేట్ అడిగితే కార్బొనేట్ ఇచ్చి "రెండూ ఒకటేనండీ, కంపెనీ తేడా" అంటాడు. మోకాలు నొప్పంటే ఆర్‌ఎంపీ గారు డైక్లోఫెనాక్ సూది తీస్తారు. బైపాస్ అయినవాళ్లకు ఆ జాతి మందులు కుట్టు దగ్గర పుండు పుట్టిస్తాయి, వద్దండీ అంటే "మీకు చదువెక్కువైంది టీచరమ్మా" అని సూది పక్కన పెడతారు. చదువెక్కువైంది కాబట్టే ఇంకా లేచి తిరుగుతున్నాను. చదువు లేని ఆడమనిషి ఇదే ఆపరేషన్ చేయించుకుని వస్తే ఆమె తరఫున ఎవరు వద్దంటారు?

ఆ మాత్రల డబ్బా తీసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. భీమవరంలో పుట్టిన మనిషి. స్ప్రూ అని, తిన్నది ఒంటికి పట్టని జబ్బు, అన్నదమ్ములను మింగేసింది. ఆయన్నీ మింగబోయి వదిలింది. అమెరికా పోయి, లెడర్లీ ప్రయోగశాలలో, 1945 నాటికి తన బృందంతో ఫోలిక్ యాసిడ్ తయారు చేసి చూపించాడు. తిన్నది ఒంటికి పట్టకపోవడమంటే ఏమిటో ఆయన ఇంట్లో చూశాడు కాబట్టి జీవితమంతా దాని వెంటపడ్డాడు. నాకు ఆపరేషన్ చేసినవాళ్లు, పట్టకుండా చేయడమెలాగో నేర్చుకున్నారు. పట్టించడం ఇంకెవరి పనో అనుకుంటున్నారు.

బీమా వాళ్ల గురించి ఎక్కువ రాయను, రాసి లాభం లేదు. 2019లో నియంత్రణ సంస్థ రాసిన షరతుల ప్రకారం బీఎంఐ 40కి తగ్గకూడదు, లేదా 35 ఉండి అదుపు తప్పిన షుగరో, గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. నాది 45. కత్తికి డబ్బులొచ్చాయి. మాత్రలకు, రక్తపరీక్షలకు అడిగితే "అది ఓపీ కిందకి వస్తుంది, ఇవ్వరు" అన్నారు. పొట్ట కింద వేలాడే చర్మం మడతల్లో ఎండాకాలం ఒరిసి పుండు పడితే, ఆ చర్మం తీయించుకోవడం "అందం కోసం" అట. పుండుకు అందమేమిటో!

అసలు తిండి సంగతి చెప్పనేలేదు. మన భోజనానికి ఒక వరస ఉంది. ముద్దపప్పు, కూర, పచ్చడి, పులుసు, చివర పెరుగు. అన్నీ అన్నంలోనే. పెరుగన్నం పడకపోతే విస్తరి ముందు నుంచి లేవం. నాకిప్పుడు ఆ వరస తల్లకిందులు. ముందు పప్పో, గుడ్డో, చేపో, మాంసకృత్తులు ముందు పడాలి, రోజుకు 60 గ్రాములైనా. గుడ్డుకు వచ్చేది ఆరు గ్రాములు. లెక్క మీరే కట్టుకోండి. తర్వాత కూర. చోటు మిగిలితే అన్నం, రెండు మూడు చెంచాలు. చోటు మిగలదు. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా తాగకూడదు. మజ్జిగ పోసుకుని కలుపుకుని ముగించడమనేది ఇక లేదు. ప్రతి ముద్దా పాతిక ముప్పై సార్లు నమలాలి. ఒక్క ముద్ద తొందరపడితే, ముఖ్యంగా పొడి అన్నం, రొమ్ము ఎముక వెనక మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోతుంది. మింగలేం, కక్కలేం. నోరంతా తెల్లని జిగురు నురగ ఊరుతుంది. సింకు దగ్గర పది నిమిషాలు తల వంచుకుని నిలబడాలి.

పోనీ నీళ్లు. తిండికీ తిండికీ మధ్య రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర పైన తాగాలి. తాగకపోతే ఒళ్లు ఎండిపోయి మళ్లీ ఆస్పత్రే. మా బడిలో ఆడ టీచర్లం ఏడుగురం. ఏడుగురమూ పొద్దున ఎనిమిది దాటాక నీళ్లు ముట్టం. ఎందుకో ఏ ఆడ టీచర్ని అడిగినా చెబుతుంది. ఉన్న ఒక్క మరుగుదొడ్డికి గొళ్లెం లేదు, తలుపుకు ఇటుక ఆనించాలి, కుళాయిలో నీళ్లుంటే ఉంటాయి. ఆపరేషన్ తర్వాత సెలవు పొడిగించలేక నేను బడికి వెళ్లింది సీసా పట్టుకుని, ఇటుక పట్టుకుని. గొళ్లెం పెట్టించమని మూడుసార్లు రాసిచ్చాను. "మేడం డైటింగులో ఉన్నారు" అని నవ్వుకున్నారు. పెట్టలేదు. చివరికి నేనే వడ్రంగిని పిలిపించి పెట్టించాను, నూట ఎనభై రూపాయలు. ఇప్పుడు ఏడుగురమూ నీళ్లు తాగుతున్నాం.

తొమ్మిదో నెలలో మా అన్నయ్య కూతురి పెళ్లి. ఆకు ముందు కూర్చోకపోతే అలిగిందంటారు. కూర్చుని తినకపోతే వంకపెట్టిందంటారు. కూర్చున్నాను. పప్పు వేలితో కెలుకుతున్నాను. వదిన స్వయంగా బూరెల పళ్లెం పట్టుకుని వచ్చింది. "ఏమ్మాయ్, పెళ్లికూతురి మేనత్తవి, నువ్వే నోరు తీపి చేసుకోకపోతే ఎట్టా?" నాకు పడదు వదినా అన్నాను. మూడుసార్లు అన్నాను. "ఒక్కటి. తినకపోతే నా మీద ఒట్టే" అని, బూరె ఆకులో వేసి, బొటనవేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసింది. పూర్ణం ఇంకా వెచ్చగా ఉంది. చుట్టూ పదిమంది. సగం తిన్నాను.

ఆ తీపి నా సంచిలో ఆగదు. జర్రున చిన్నపేగులోకి దిగిపోతుంది. దాన్ని పలచన చేయడానికి ఒంట్లో నీరంతా పేగులోకి పరుగు పెడుతుంది. పావుగంటలో గుండె దడదడ, నుదుటన ముత్యాల్లా చెమట, కళ్లు తిరగడం, కడుపులో మెలి. డంపింగ్ అంటారు. పెళ్లికూతురి గదిలో చీరల పెట్టెల మధ్య చాప మీద పడుకోబెట్టారు. గోడకవతల మాటలన్నీ వినపడుతున్నాయి. దిష్టి తగిలింది, అంత ఇదిగా సన్నబడితే తగలదా? నోరు కట్టుకోలేక కోయించుకుంది, ఇప్పుడు చూడు! పెళ్లిలో ఈ గోలేమిటి, అశుభం కాకపోతే! వదిన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు, ఆమె వంట అవమానించానని.

ఆ తర్వాత ఒక కిటుకు కనిపెట్టాను. "షుగరండీ" అంటాను. అంతే, పళ్లెం పక్కకి జరుగుతుంది. "అయ్యో, వద్దులే తల్లీ" అంటారు. షుగరంటే మర్యాద ఉంది మన పంక్తుల్లో. షుగరు నన్ను వదిలి ఏడాదైంది. దాని పేరు చెప్పుకుని బతుకుతున్నాను.

ఇక చెవులు కొరుక్కోవడం. ఐదో నెలలో జుట్టు దువ్వెనకు గుప్పెళ్లుగా వచ్చింది. ఒంటికి అంత దెబ్బ తగిలాక కొన్నాళ్లు ఊడి మళ్లీ వస్తుంది. వచ్చింది కూడా. కానీ ఆ నాలుగు నెలలూ మా వీధిలో నాకు టీబీ అన్నారు, క్యాన్సరన్నారు, గొంతు తగ్గించి ఇంకో జబ్బు కూడా అన్నారు. ఒక్కరూ నాతో అనలేదు. లావుగా ఉన్నప్పుడు మాత్రం అందరూ నా మొహం మీదే అనేవాళ్లు, ఆటోవాడితో సహా.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఫోన్లో నా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన అతికించి పెట్టుకుని వచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తారు. మురిసిపోతారు. రాత్రిపూట నేను సింకు దగ్గర నురగ కక్కుతుంటే టీవీ సౌండు పెంచుతారు.

కోపమొస్తే తినేదాన్ని నేను, దిగులొస్తే తినేదాన్ని, సాయంత్రం బడి నుంచి వచ్చి ఖాళీ ఇంట్లో జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎవరో తోడున్నట్టు ఉండేది. ఆ తోడు పోయింది. పోతుందని, పోయినచోట ఏమి పెట్టుకోవాలో చూసుకోమని ఎవరూ హెచ్చరించలేదు. కొందరు ఆ ఖాళీలో మందు పోసుకుంటారట, బైపాస్ తర్వాత అది రక్తంలోకి మహా వేగంగా ఎక్కుతుంది. ఆ సంగతి కూడా నేను చదివి తెలుసుకున్నదే. నాకిప్పుడు కోపాన్ని నమలడానికి ఏమీ లేదు, అందుకని రాస్తున్నాను.

కిలోల లెక్క నా ఒక్కదానికే కాదు. 2017 ఫిబ్రవరిలో ఈజిప్టు నుంచి ఇమాన్ అహ్మద్ అనే ఆమెను బరువు తగ్గే ఆపరేషన్ కోసం సరుకు విమానంలో ముంబై తెచ్చారు. మంచంతో సహా క్రేనుతో ఎత్తి ఆస్పత్రిలోకి చేర్చడం టీవీలో చూసిన గుర్తు మీకూ ఉంటుంది. ఆ తర్వాత వారం వారం ఎన్ని కిలోలు తగ్గిందో పత్రికలు స్కోరు బోర్డులా వేశాయి. ఆ అంకెల మీద ఆస్పత్రికీ ఆమె చెల్లెలికీ గొడవ కూడా అయింది. మే నెలలో అబుదాబి తీసుకెళ్లారు. సెప్టెంబరులో అక్కడే పోయింది, 37 ఏళ్లకు. అంత బరువుతో, అన్ని జబ్బులతో ఉన్న మనిషి పోవడానికి ఎవరిదో తప్పని నేననడం లేదు. ఆమె ఏం తినగలిగేదో, ఏ రుచి అడిగేదో మనలో ఎవరికైనా గుర్తుందా? కిలోలు గుర్తున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో వందకు 36 మంది ఉండాల్సినదానికన్నా బరువున్నారు. తెలంగాణలో 30 మంది. విజయవాడ బెంజి సర్కిల్ దాటేలోపు ఈ ఆపరేషన్ల హోర్డింగులు ఎన్నో చూడండి. వాటికి తోడు 2025లో బరువు తగ్గే సూదులు కూడా వచ్చాయి. వాటి కాగితం మీద కూడా ఎవరో బ్రాకలీ అని రాస్తూనే ఉంటారు.

పదమూడో నెలలో ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. కొత్త గొంతు. నా పేరు, ఆపరేషన్ తేదీ చదివింది. నా గుండె ఒక్కసారి తేలికైంది, ఇన్నాళ్లకు గుర్తొచ్చాను కదా అని.

"మేడం, మీరు మా సక్సెస్ కేసుల్లో ఉన్నారు. పాత బట్టలు వేసుకుని నడుము దగ్గర ఇలా ముందుకి లాగి పట్టుకున్న ఫోటో ఒకటి కావాలి. హోర్డింగ్ కోసం."

"అమ్మాయ్, నా బి12 ఎంతుందో మీ కంప్యూటర్లో చూసి చెప్పగలవా?" అన్నాను.

కీబోర్డు చప్పుడు వినపడింది. చాలాసేపు వెతికింది, పాపం.

"ఇక్కడ వెయిట్ ఒక్కటే కనిపిస్తోంది మేడం" అంది. "ఫోటో వాట్సాప్‌లో పంపిస్తే చాలు."